ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే సరిపోదా?

తెనాలిలో ఎగ్జిబిషన్ వేసినా, రేపల్లె చుట్టుపక్కల తిరునాళ్ళకు కొలంబస్ అనే ఊగే పడవను దింపినా, బాపట్ల నుంచి సెలవలకు హైదరాబాదు వెళ్ళిన కుటుంబం వండర్లాలో అడుగుపెట్టినా, రైడ్ గేటు దగ్గర వినపడే మాట ఒకటే: “పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాంలే బాబూ, ఎక్కనియ్యి.” గేటు దగ్గరి కుర్రాడు మెత్తబడితే అందరూ ఎక్కేస్తారు. మెత్తబడకపోతే రభస మొదలవుతుంది. ఇంత దూరం వచ్చాం, టికెట్టు కొన్నాం, పక్కన నేనుంటాను, ఇంకా ఆ గోడ మీది ఎత్తు గీతతో పనేమిటి అని తండ్రి అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే. అమ్మ ఒడిని మించిన భద్రమైన చోటు లేదన్నది మన నమ్మకం. రేపల్లె ప్యాసింజర్లోనూ, సినిమాహాల్లోనూ ఆ నమ్మకానికి వచ్చిన లోటేమీ లేదు. రైడ్ మీద మాత్రం అది పనిచేయదు. ఎందుకు పనిచేయదో తెలుసుకుంటే, ఆ గీత ఎత్తు పేరు చెప్పి అసలు ఏం అడుగుతోందో కూడా తెలుస్తుంది. ఈ సీటూ, ఈ కడ్డీ కలిసి ఈ శరీరాన్ని పట్టి ఉంచగలవా అన్నదే ఆ ప్రశ్న.

జనం ఆ గీతను అనుమానంగా చూడటానికి టికెట్టు కూడా ఒక కారణం. ఆర్టీసీ బస్సులో అయిదేళ్ళు దాటితే అరటికెట్టు, పన్నెండు దాటితే పూర్తి టికెట్టు. రైల్లోనూ దాదాపు అదే లెక్క. కండక్టరు దగ్గర పిల్లవాడి వయసు ఒకటి రెండేళ్ళు తగ్గించి చెప్పడం మన ఇళ్ళలో పెద్ద నేరమేం కాదు. హైదరాబాదు శివారు రావిర్యాలలో 2016లో తెరిచిన వండర్లాలో పిల్లల టికెట్టును ఎత్తును బట్టే తేలుస్తారు. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్టు, ఆపైన పెద్దల టికెట్టు. లోపలికి వెళ్ళాక పెద్ద రైడ్లు చాలావాటి దగ్గర మళ్ళీ ఆ 140 గీతే ఎదురవుతుంది. డబ్బు లెక్కకూ, ప్రాణం లెక్కకూ ఒకటే కొలబద్ద వాడేసరికి, రెండూ బేరమాడదగ్గవే అన్న భావన కలుగుతుంది. టికెట్టు గీత దగ్గర మోకాళ్ళు వంచమని చెప్పిన తండ్రే, రైడ్ గీత దగ్గర మునివేళ్ళ మీద లేవమంటాడు.

కడ్డీ ఎవరి కొలతకు బిగుస్తుంది?

కొలంబస్‌లో ఒక్కో వరుసకు అడ్డంగా ఒక బల్ల, దాని ముందు అందరికీ కలిపి ఒక ఇనుప కడ్డీ. ఒడి మీదికి దిగుతుంది కాబట్టి దాన్ని ఒడి కడ్డీ అందాం. వరుసలో నలుగురు కూర్చుంటే ఆ కడ్డీ ఎక్కడ ఆగుతుంది? అందరికంటే లావుగా ఉన్నవాళ్ళ తొడ దగ్గరో, పొట్ట దగ్గరో ఆగుతుంది. ఇంకా కిందికి దిగే వీలుండదు. పక్కనున్న ఆరేళ్ళ పిల్ల తొడకూ ఆ కడ్డీకీ మధ్య జానెడు ఖాళీ మిగులుతుంది. ఎడ్లబండి మీద ధాన్యం బస్తాలు పేర్చి పైన మోకు బిగిస్తే బస్తాలు కదలవు. ఆ బస్తాల నడుమ పెట్టిన చిన్న బిందెకు మాత్రం మోకు తగలనే తగలదు. బండి చదునైన బాట మీద పోయినంతసేపూ బిందె ఉన్నచోటే ఉంటుంది, గతుకు రాగానే ఎగిరిపడుతుంది. ఒళ్ళో కూర్చున్న పాపదీ ఇదే స్థితి. కడ్డీ పాప పొట్టను తాకుతూ ఉన్నట్టే కనిపిస్తుంది. నిజానికి అది నాన్న పొట్టకూ పాపకూ కలిపి కుదిరిన కొలత. ఆ రెంటిలో ఏది అటూ ఇటూ జరిగినా పట్టు వదులైపోతుంది, లేదా నలిగేది పాప పొట్ట అవుతుంది.

ఇక ఊపు సంగతి. కొలంబస్ నిలువు గీత నుంచి అరవై డిగ్రీల దాకా ఊగిందనుకోండి. అడుగుకు దూసుకొచ్చే క్షణంలో అందులో కూర్చున్నవాళ్ళు తమ బరువు రెండింతలైనట్టు బల్లకు అదుముకుపోతారు. పన్నెండు కిలోల రెండేళ్ళ పిల్ల ఆ క్షణంలో నాన్న తొడల మీద ఇరవై నాలుగు కిలోలు తూగుతుంది. ఇది కాదు భయపడాల్సింది, ఇక్కడ పిల్ల ఒడిలోకే ఒదుగుతుంది. పడవ కొసకు చేరి ఆగీ ఆగనట్టుండే ఆ అరక్షణంలో లెక్క తిరగబడుతుంది. మధ్య వరుసల్లో మనిషి బరువు సగమైనట్టు అనిపిస్తుంది. చివరి వరుసల్లో ఇంకా తగ్గి, బల్ల మీద ఆనుకున్న స్పృహే పోతుంది. కడుపులో తిప్పినట్టయ్యేది అప్పుడే. అదే తమాషా అని జనం ఎగబడి చివరి వరుస కోసం పోటీ పడతారు. అప్పటిదాకా పాపను ఒడిలో నిలిపింది పాప బరువే. ఆ బరువు పోయాక మిగిలేవి నాన్న చేతులు. జారిపోతున్నట్టు అనిపించిన మనిషి చేతులు ఆలోచించకుండా చేసే పని ఎదురుగా ఉన్న గట్టి వస్తువును పట్టుకోవడం. పాపను పట్టుకోవాల్సిన చేతులు రెండూ సరిగ్గా అదే క్షణంలో కడ్డీని పట్టుకుంటాయి. ఇందులో ప్రేమ తక్కువైందని ఎవరూ అనలేరు. శరీరం అసంకల్పితంగా చేసే పనికి మనసు అనుమతి అక్కర్లేదు.

తలకిందులయ్యే రైడ్లలో పట్టు విలువ మరీ స్పష్టంగా తెలుస్తుంది. 2025 జనవరిలో హైదరాబాదు నాంపల్లి నుమాయిష్‌లో ఒక రైడ్ మధ్యలో ఆగిపోయి, ఎక్కినవాళ్ళు చాలాసేపు తలకిందులుగా వేలాడారు. కిందికి దించాక అందరూ క్షేమంగానే ఉన్నారు. అంతసేపూ వాళ్ళను పట్టి ఉంచినవి భుజాల మీది పట్టీలే. ఆ పట్టీకీ భుజానికీ మధ్య చోటు మిగిలేంత చిన్న శరీరం అక్కడ ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

పిల్లలు చిన్న సైజు పెద్దలు కారు

పెద్దవాళ్ళ బొమ్మను కుదిస్తే పిల్లల బొమ్మ వస్తుందని అనుకుంటాం. రాదు. పుట్టిన బిడ్డ పొడుగులో నాలుగో వంతు తలే ఉంటుంది. పెద్దవాళ్ళలో అది ఏడు, ఎనిమిది వంతుల్లో ఒకటి. ఆరేళ్ళకల్లా మెదడు పెద్దల మెదడు బరువులో తొంభై శాతం దాకా పెరిగిపోతుంది. మిగతా శరీరం మాత్రం అప్పటికి ఇరవై కిలోలు కూడా ఉండదు. దాదాపు పెద్దవాళ్ళ తలను పసిపిల్ల మెడ మోస్తోందన్నమాట. ఆ మెడలో ఎముకలను కలిపే కట్లు వదులు, కండలు లేత, పూసల మధ్య కీళ్ళు ఏటవాలుగా కాకుండా ఇంచుమించు చదునుగా ఉండి ఒకదాని మీద ఒకటి ముందుకు జారే వీలుంటుంది. తల ఊగినప్పుడు మడత పడే చోటు పసిపిల్లల్లో మెడ పైభాగాన, తలకు దగ్గరగా ఉంటుంది. ఎనిమిదేళ్ళు వచ్చేసరికి అది పెద్దల్లోలాగా మెడ కింది సగానికి దిగుతుంది. బరువైన తల ఒక్కసారిగా పక్కకు విసిరినట్టు కదిలితే ఆ పైపూసల మీద పడే ఒత్తిడి ఎంతో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

మెడ కంటే ముఖ్యమైనది తుంటి. కారు బెల్టు గానీ ఒడి కడ్డీ గానీ ఆనాల్సింది పొట్ట మీద కాదు. తుంటి ఎముక ముందు వైపు రెండు పక్కలా పొడుచుకొచ్చినట్టుండే అంచుల కిందుగా, తొడల మొదట్లో ఆనాలి. నడుముకు చేతులు పెట్టుకుని నిలబడితే బొటనవేలికో చూపుడువేలికో గట్టిగా తగిలేవి ఆ అంచులే. బెల్టు పైకి జారకుండా ఆపే కొక్కేలు అవి. పదేళ్ళ లోపు పిల్లల్లో ఆ అంచులు ఇంకా పూర్తిగా ఎదగవు. బెల్టు పట్టు తప్పి మెత్తటి కడుపు మీదికి ఎక్కుతుంది, దాని వెనక ఉన్నవి పేగులు, కాలేయం, ప్లీహం. కారు ప్రమాదాల్లో పిల్లలకు ఇలా తగిలే దెబ్బలను డాక్టర్లు సీట్ బెల్టు గాయాలు అనే పేరుతోనే గుర్తిస్తారు. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా పిల్లలను కారులో ఎత్తు పీట మీద కూర్చోబెట్టాలని అమెరికాలో చెప్పేది ఇందుకే. ఆ 145కూ పెద్ద రైడ్ల దగ్గర కనిపించే 140కీ మధ్య తేడా ఎంతో చూడండి.

కాళ్ళ సంగతి ఎవరికీ తట్టదు. పెద్దవాళ్ళ కోసం చేసిన బల్ల లోతు నలభై సెంటీమీటర్లకు పైనే ఉంటుంది. అయిదేళ్ళ పిల్లలకు వీపు నుంచి మోకాలి మడత దాకా ముప్పైకి అటూ ఇటూ. వీపు ఆనించి కూర్చుంటే మోకాళ్ళు వంగవు, కాళ్ళు కర్రల్లా చాపుకోవాలి. అలా ఎంతసేపో కూర్చోలేక పిల్ల ముందుకు జరుగుతుంది. నడుము బల్ల అంచుకు వస్తుంది, వీపు గుండ్రంగా వంగి గాలిలో ఉంటుంది, పాదాలు నేలకు అందవు, గడ్డం సరిగ్గా కడ్డీ ఎత్తులో ఉంటుంది. పెద్దవాళ్ళు ఊపు వచ్చినప్పుడల్లా పాదాలను నేలకు తన్ని, వీపును వెనక్కి ఒత్తి తమను తామే బిగించుకుంటారు. ఆ పని చేస్తున్నట్టు వాళ్ళకే తెలియదు. పిల్లకు తన్నడానికి నేల లేదు, ఒత్తడానికి వెన్నుదన్ను లేదు. గట్టి ఊపు వస్తే కడ్డీ కిందుగా జారిపోవడమో, పళ్ళు కడ్డీకి కొట్టుకోవడమో జరుగుతుంది. పసిపిల్లల రైళ్ళలో, డ్రాగన్ బండ్లలో సీట్లు అంత పొట్టిగా ఎందుకు చేస్తారో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

వయసు అడిగితే పోలేదా?

ఇవన్నీ వయసుతో వచ్చే మార్పులైతే వయసే అడగవచ్చు కదా అన్నది న్యాయమైన అభ్యంతరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారం అయిదేళ్ళ పిల్లల మధ్యస్థ ఎత్తు సుమారు 110 సెంటీమీటర్లు, ఏడేళ్ళకు 121, పదేళ్ళకు 138. కానీ పదేళ్ళ పిల్లల్ని వరసలో నిలబెడితే కొందరు 125 దగ్గర, కొందరు 150 దగ్గర తేలతారు. మన ప్రాంతంలో ఈ తేడాకు ఇంకో కారణం కూడా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళ లోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని తేల్చింది. వయసును గీతగా పెడితే, పదేళ్ళు నిండినా ఎనిమిదేళ్ళ పిల్లంత ఉన్న బిడ్డ దర్జాగా పెద్ద రైడ్ ఎక్కుతుంది. కడ్డీకి బర్త్ సర్టిఫికెట్ చదవడం రాదు. ఎత్తు గీత ఆ బిడ్డను ఇంకో రెండేళ్ళు ఆపుతుంది, అది బిడ్డకు అన్యాయంగానే తోస్తుంది. తిండి దగ్గర జరిగిన అన్యాయాన్ని గేటు దగ్గర సరిదిద్దాలనుకుంటే మాత్రం దాని బరువు మళ్ళీ ఆ బిడ్డ మీదే పడుతుంది.

ఒక్క సెంటీమీటరుకే అంత తేడా వస్తుందా అన్నది ఇంకో అభ్యంతరం. రాదు. 139కీ 140కీ మధ్య ప్రకృతి ఏ గీతా గీయలేదు. పైగా మనిషి పొద్దున ఉన్నంత ఎత్తు సాయంత్రం ఉండడు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళలు రోజంతా నొక్కుకుపోయి, పెద్దవాళ్ళలోనైతే సుమారు ఒక సెంటీమీటరు తగ్గిపోతుంది. అయినా గీత ఉండాల్సిందే, ఎందుకంటే వరసలో నిలబడ్డ వంద మందిని కొన్ని సెకన్లలో చూసి పంపాల్సిన కుర్రాడికి తుంటి ఎముకలు తడిమి చూసే వీలులేదు. తుంటి, తొడ పొడవు, మెడ బలం, తల బరువు అన్నీ స్థూలంగా ఎత్తుతో పాటే మారతాయి గనుక, వాటన్నిటి తరఫున ఎత్తును నిలబెట్టారు. ముతక కొలతే. ముతక కొలతకు కొంత వెసులుబాటు ముందే కలిపి గీస్తారు. ఆ వెసులుబాటును మనం బూటు మడమతో ఖర్చు చేసేస్తే కొలతలో మిగిలేది ఏముంటుంది?

గీత సీటును బట్టి ఉంటుందనడానికి మంచి సాక్ష్యం మనవాళ్ళు పిల్లల్ని తీసుకుని వెళ్ళే అమెరికా డిస్నీ పార్కుల్లోనే ఉంది. స్పేస్ మౌంటెన్ పేరుతోనే కాలిఫోర్నియాలో ఒక రైడ్ ఉంది, ఫ్లోరిడాలో ఒక రైడ్ ఉంది. రెండూ చీకట్లో పరుగెత్తే బండ్లే. కాలిఫోర్నియాలో గీత 102 సెంటీమీటర్ల దగ్గర ఉంటే, ఫ్లోరిడాలో 112 దగ్గర ఉంది. కాలిఫోర్నియా పిల్లలు ఫ్లోరిడావాళ్ళకంటే గట్టివాళ్ళని కాదు. కాలిఫోర్నియా బండిలో ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు, ఫ్లోరిడా బండిలో ఒకరి వెనక ఒకరు ఒంటరిగా కూర్చుంటారు. బండి మారితే గీత మారింది.

“ఇన్నేళ్ళుగా ఏమైంది?”

అన్నిటికంటే బలమైన వాదన ఇదే. తిరునాళ్ళు తాతల నాటివి, ఒళ్ళో పిల్లలు ఎక్కుతూనే ఉన్నారు, ఎవరికేమైంది? ప్రాణాపాయం అరుదన్న మాట నిజమే. అమెరికాలో 1990 నుంచి 2010 వరకు ఆసుపత్రుల అత్యవసర విభాగాల లెక్కలు తీస్తే, ఇలాంటి రైడ్ల వల్ల దెబ్బలు తగిలి వచ్చిన పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు సుమారు 93 వేల మంది. ఏడాదికి దాదాపు నాలుగున్నర వేలు. అక్కడ రైడ్లు ఎక్కే పిల్లల సంఖ్య ముందు అది చిన్న అంకే. అయితే ఆ దెబ్బల్లో 28 శాతం తలకూ మెడకూ తగిలినవి, దాదాపు సగం పడిపోవడం వల్లో రైడ్‌కు కొట్టుకోవడం వల్లో అయినవి. సీటు పట్టు తప్పిన శరీరానికి ఏమవుతుందని పైన అనుకున్నామో, లెక్క కూడా అదే చెబుతోంది. పైగా అవి గీతలూ తనిఖీలూ ఉన్న దేశంలోని అంకెలు. మన ఎగ్జిబిషన్ మైదానంలో పన్ను ఊడిన పిల్లనూ, మెడ పట్టేసిన పిల్లనూ ఎవరూ లెక్క రాయరు. లెక్క రాయనిది జరగనట్టే ఉంటుంది.

స్కూటరు మీద నలుగురం పోవడం లేదా అని కూడా అంటారు. పోతున్నాం. 2022 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం, బండి మీద నాలుగేళ్ళ లోపు పిల్లలు ఉంటే వాళ్ళను నడిపేవారికి కలిపి కట్టే పట్టీ, తలకు హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు నలభై కిలోమీటర్లు మించకూడదు. తెనాలి బజార్లో ఆ పట్టీ ఎంతమంది కడుతున్నారన్నది వేరే కథ. ఆ నిబంధన ఒడినీ చేతినీ నమ్మలేదన్నది మాత్రం చూడాలి. మా వాడికి భయం లేదండీ అనేవాళ్ళు ఇంకొందరు. భయం లేకపోవడం ఇక్కడ అర్హత కానే కాదు. మధ్యలో లేచి నిలబడటానికి భయపడే పిల్లే కాస్త నయం.

ఒకటి ఒప్పుకోవాలి. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియా చెరువు దగ్గర ఊగే రైడ్ విరిగి పడి ఇద్దరు చనిపోయారు. ఇనుము విరిగినప్పుడు ఎత్తు గీత ఎవరినీ కాపాడదు. అది తనిఖీ చేసేవాళ్ళ పూచీ. ఆ పూచీ సరిగ్గా నెరవేరడం లేదు కాబట్టి గీతను కూడా పట్టించుకోనక్కర్లేదు అనడం మాత్రం కుదరదు.

ఎత్తు చాలని చోట

జెయింట్ వీల్ మీద ఊపు తక్కువ, కడ్డీ కంటే పిల్ల బుద్ధి ముఖ్యం. అక్కడ కావాల్సింది తొట్టిలో లేవకుండా చూసే పెద్దమనిషి. రంగులరాట్నం గుర్రం పక్కన అమ్మ నిలబడితే చాలు. బ్రేక్ డ్యాన్స్ రైడ్ దగ్గర ఎత్తుతో పాటు కూర్చునే వరస చూడాలి. బండి తిరిగేటప్పుడు అందరూ బయటి వైపుకు నెట్టుకుపోతారు. పిల్లను బయటి కొసన కూర్చోబెడితే డెబ్భై కిలోల నాన్న మొత్తంగా ఆ పిల్ల మీదే పడతాడు. బరువైనవాళ్ళు బయట, పిల్ల లోపల.

పొడుగు ఉంటే చాలదని చెప్పే ఘటనలు రెండు. 2011లో న్యూయార్క్ రాష్ట్రంలో యుద్ధంలో రెండు కాళ్ళూ పోగొట్టుకున్న మాజీ సైనికుడొకరు రోలర్ కోస్టర్ ఎక్కి, ఒడి కడ్డీ ఉన్నా సీటులోంచి జారిపడి చనిపోయారు. రెండు కాళ్ళూ ఉన్నవారినే ఎక్కించాలని అక్కడ నియమం ఉంది, గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. 2022 మార్చిలో ఫ్లోరిడాలోని ఓర్లాండోలో పద్నాలుగేళ్ళ కుర్రాడు నిలువునా జారే టవర్ రైడ్ నుంచి పడిపోయాడు. ఆరడుగుల పైన ఎత్తు, 170 కిలోల పైన బరువు. ఆ రైడ్ పుస్తకంలో రాసిన గరిష్ఠ బరువు 130 కిలోలు. భుజాల పట్టీ అతని మీద పూర్తిగా దిగలేదు, దిగినట్టు దీపం వెలిగేలా ఆ సీటు సెన్సరును సర్దిపెట్టారు. పిల్లలకు కింది గీత ఎలాగో పెద్దలకు పై గీత అలాగ. మన ఎగ్జిబిషన్లలో కింది గీతే అరకొర, పై గీత ఊసే ఉండదు.

ఎక్కలేని చిన్నపిల్ల ఉన్న ఇంట్లో అమ్మానాన్నలిద్దరూ రైడ్ మానుకోవాలా? డిస్నీ వాళ్ళు దీనికొక ఏర్పాటు చేశారు. ఒకరు ఎక్కి వచ్చేదాకా రెండోవారు పిల్లతో బయట ఉంటారు, తర్వాత వాళ్ళు మళ్ళీ మొత్తం క్యూలో నిలబడకుండా నేరుగా ఎక్కుతారు. తెనాలి ఎగ్జిబిషన్లో ఇందుకు యంత్రాలేమీ అక్కర్లేదు. గేటు దగ్గరి కుర్రాడు రెండో టికెట్టు చించకుండా ఉంచితే సరిపోతుంది.